జేబులో కెమెరా: మార్చాలా, ఉంచాలా?



చాలా ఇళ్లలో బీరువా అరలో, తోలు కవర్లో పడుకుని ఉన్న ఒక చిన్న వస్తువు గురించి ఇవాళ మాట్లాడుకుందాం. చొక్కా జేబులో పట్టే డిజిటల్ కెమెరా. పది పదిహేనేళ్ల కిందట ముచ్చటపడి కొన్నది. ఇంకా పనిచేస్తోంది. పిల్లల అన్నప్రాసనలు, అక్షరాభ్యాసాలు, అరకు ప్రయాణాలు, అత్తగారింటి సంక్రాంతులు అన్నీ దానితోనే తీశారు. ఇప్పుడు దాన్ని పక్కనపెట్టి కొత్తది కొనాలా, అక్కర్లేదా?

ఈ సంగతి నన్ను అడిగేవాళ్లందరూ ముందుగా అడిగేది ఒకటే: "కొత్తది బాగుంటుందా?" బాగుంటుంది. పదిహేనేళ్లు ఆలస్యంగా వచ్చిన కెమెరా మెరుగ్గా ఉండకపోతే దాన్ని తయారుచేసినవాళ్లకే అవమానం. అందుకని ఆ ప్రశ్నకు జవాబు తెలిసినా మనకు ఒరిగేదేమీ లేదు. మీ పాత కెమెరా మిమ్మల్ని సరిగ్గా ఏ చోట ఆపేస్తోంది? కొనబోయేది ఆ చోట దారి ఇస్తుందా? ఇస్తూ ఇస్తూ, ఇప్పుడు మీకున్న సుఖాల్లో దేన్ని పట్టుకుపోతుంది? ఈ మూడోదాని గురించి దుకాణంలో ఎవరూ మాట్లాడరు కాబట్టి, నేను కాస్త ఎక్కువ మాట్లాడతాను.

రేడియోలో కంపెనీల పేర్లు వినిపిస్తే ప్రకటన అనుకుంటారేమో. పేర్లు చెప్పకుండా ఈ విషయం తేలదు. నేను ఎవరి సరుకూ అమ్మడానికి రాలేదు. పైగా ఇది విన్నాక మీలో సగం మంది ఏమీ కొనరని నా ఆశ.

ముందు బజారు సంగతి. జపాన్ కెమెరా కంపెనీల సంఘం ఒకటుంది, సీపా అంటారు. ఏటా లెక్కలు ప్రకటిస్తుంది. 2010లో ఆ కంపెనీలు ప్రపంచం మొత్తానికి పంపిన డిజిటల్ కెమెరాలు 12 కోట్లకు పైనే. పదింట తొమ్మిది దాకా లెన్స్ ఊడదీయడానికి వీల్లేని చిన్న కెమెరాలే. 2023 వచ్చేసరికి అన్ని రకాలూ కలిపినా 80 లక్షలు దాటలేదు. అందులో చిన్నవి 20 లక్షలు కూడా లేవు. కారణం వేరే చెప్పక్కర్లేదు, ఈ ప్రసంగాన్ని మీలో చాలామంది ఫోనులోనే వింటున్నారు. కాసియో 2018లో ఈ వ్యాపారం నుంచి తప్పుకుంది. ఒలింపస్ తన కెమెరా విభాగాన్ని 2021లో వేరేవాళ్ల చేతికి ఇచ్చేసింది. మిగిలిన కంపెనీలు చవక రకాలు చాలావరకు ఆపేసి ఖరీదైనవి ఉంచుకున్నాయి. అంటే, అప్పట్లో ఏడెనిమిది వేలకు కొన్న కెమెరాకు బదులు మళ్లీ ఏడెనిమిది వేలు పట్టుకుని దుకాణానికి వెళ్తే దాని వారసుడు దొరకడు. ఉన్నదాన్ని ఉంచుకోవడమా, నాలుగైదు రెట్లు పెట్టి పై మెట్టు ఎక్కడమా అన్నట్టుగా ఉంది వ్యవహారం.

నా సంగతే తీసుకోండి. నేనుండేది రాజమహేంద్రవరంలో. నా దగ్గరున్నది కేనన్ పవర్‌షాట్ ఎస్95, 2010లో వచ్చిన మోడల్. 10 మెగాపిక్సెళ్లు. బ్యాటరీ, కార్డు వేసి తూచినా 200 గ్రాముల లోపే. లెన్స్ చుట్టూ ఒక రింగు ఉంటుంది. దానికి ఏ పని అప్పజెబితే ఆ పని చేస్తుంది: జూమ్ అంటే జూమ్, వెలుగు అంటే వెలుగు. చీకట్లో కూడా తడుముకోకుండా తిప్పగలను. ఇలాంటి అలవాటుకు ఏ పట్టికలోనూ మార్కులు వేయరు గానీ, ఫొటో తీసేవాడికి అది సగం బలం.

ఊళ్లో ఒక దుకాణంలో కొత్త కెమెరాలు చూపించమంటే అక్కడి కుర్రాడు మర్యాదగా ఒక లెక్క చెప్పాడు. "మీది పది మెగాపిక్సెలండి. ఇది ఇరవై అండి. డబల్ కదండి!" డబలే. కాదనడానికి లేదు. కానీ ఏది డబల్ అయింది? చుక్కల సంఖ్య. ఆ చుక్కలు అడ్డంగానూ నిలువుగానూ సర్దుకోవాలి కదా. 10 మెగాపిక్సెళ్ల బొమ్మ కంటే 20 మెగాపిక్సెళ్ల బొమ్మ వెడల్పులో పెరిగేది రెండింతలు కాదు, 1.4 రెట్లే. ఎత్తులోనూ అంతే.

అసలు మనకెన్ని కావాలి? ఆల్బంలో పెట్టుకునే 6 అంగుళాలకు 4 అంగుళాల ప్రింటు తీసుకోండి. అంగుళానికి 300 చుక్కల చొప్పున అచ్చు వేస్తే 1800ని 1200తో గుణించాలి, 21 లక్షల 60 వేలు. అంటే 2 మెగాపిక్సెళ్ల పైన కాస్త. గోడకు తగిలించే 12కు 8 అంగుళాల ఫొటోకు 86 లక్షల చుక్కలు, 9 మెగాపిక్సెళ్ల లోపే. ఇంట్లో 4కే టీవీ ఉందనుకోండి, దాని తెర మీద మొత్తం చుక్కలు 83 లక్షలు. ఇక వాట్సాప్ అయితే మామూలుగా బొమ్మను తనకిష్టమొచ్చినంత చిన్నది చేసే పంపుతుంది. 10 మెగాపిక్సెళ్ల కెమెరా ఇన్నింటికీ సరిపోతుంది. పెళ్లిపందిరి ముందు ఫ్లెక్సీ వేయించాలన్నా సరిపోతుంది, ఫ్లెక్సీని అంగుళం దూరం నుంచి ఎవరూ చూడరు.

కంపెనీలకూ ఈ సంగతి తెలుసు. కేనన్ 2008లో జీ10 అనే మోడల్‌ను 14.7 మెగాపిక్సెళ్లతో తెచ్చింది. మరుసటి ఏడాది దాని తమ్ముడు జీ11ను 10 మెగాపిక్సెళ్లకు తగ్గించి తెచ్చింది. చిన్న సెన్సర్ మీద చుక్కలు ఇరికించేకొద్దీ ఒక్కో చుక్కకు అందే వెలుగు తగ్గి, చీకట్లో బొమ్మ మీద ఇసుక చల్లినట్టు రవ్వలు లేస్తాయి. అందుకే ఆ వెనకడుగు. అంకె తగ్గించి "ఇదే మెరుగు" అని చెప్పడం అమ్మేవాళ్లకు ఎంత కష్టమో ఊహించుకోండి. ఆ ధైర్యం వాళ్లు ఎక్కువసార్లు చేయలేదు.

కాబట్టి మెగాపిక్సెళ్లు వదిలేద్దాం. చూడవలసింది సెన్సర్ సైజు. ఇది రేడియో, బొమ్మ చూపించలేను. మీ చెయ్యి చూసుకోండి. నా ఎస్95 లాంటి మంచి రకం చిన్న కెమెరాల్లో సెన్సర్ 7.6 మిల్లీమీటర్లకు 5.7, ఇంచుమించు చిటికెన వేలి గోరంత. మామూలు చవక కెమెరాల్లో అంతకంటే చిన్నది, 6.2కు 4.6. "ఒక అంగుళం సెన్సర్" అని ఇప్పుడు అమ్మేవాటిలో 13.2కు 8.8, అది బొటనవేలి గోరు. అంగుళం అన్నది పేరుకే లెండి. వెనకటి టీవీ కెమెరాల గాజు గొట్టాల కొలత నుంచి వచ్చిన లెక్క అది. ఆ సెన్సర్‌ను ఏ మూల నుంచి ఏ మూలకు కొలిచినా అంగుళం రాదు. దాని పైన ఏపీఎస్-సీ అనే రకం, 23.5కు 15.6, చిన్న తపాలా బిళ్లంత. వైశాల్యంలో చూస్తే చిటికెన వేలి గోరు 43 చదరపు మిల్లీమీటర్లు, బొటనవేలి గోరు 116, తపాలా బిళ్ల దాదాపు 367. వెలుగు పట్టేది ఈ వైశాల్యమే. 10కీ 20కీ మధ్య లేని తేడా 43కూ 116కూ మధ్య ఉంది.

ఆ తేడా ఎక్కడ కనిపిస్తుంది? పట్టపగలు ధవళేశ్వరం బ్యారేజీ మీద నిలబడి తీస్తే కనిపించదు. పాపికొండల్లో లాంచీ మీద మధ్యాహ్నం తీస్తే కనిపించదు. మా ఊళ్లో పుష్కర ఘాట్ దగ్గర సాయంత్రం గోదావరి హారతి ఇస్తారు కదా, అక్కడ కనిపిస్తుంది. వెనక చీకటి నది. ముందు దీపాల వరసలు. పూజారుల చేతుల్లో ఆ దీపాలు ఒక్క క్షణం ఆగవు. చుట్టూ జనం, స్టాండు పెట్టుకునే చోటుండదు. ఏ చిన్న కెమెరాకైనా ఇంతకంటే కఠినమైన పరీక్ష నాకు తెలియదు. షట్టర్ నెమ్మదిస్తే చేతులు అలికిపోతాయి. వేగం పెంచితే బొమ్మ నల్లబడుతుంది. సెన్సర్ సున్నితత్వం, అంటే ఐఎస్ఓ, పెంచితే రవ్వలు.

ఇక్కడే చాలామంది మరో కష్టం కొనితెచ్చుకుంటారు. వెనక మెట్ల మీద నిలబడి జూమ్ లాగుతారు. నా కెమెరా లెన్స్ జూమ్ లాగనప్పుడు ఎఫ్ 2, జూమ్ చివరికి లాగితే ఎఫ్ 4.9. ఈ అంకెలు వింటే పెద్ద తేడా అనిపించదు గానీ, లెన్స్‌లోంచి వచ్చే వెలుగు లెక్క కడితే ఆరో వంతుకు పడిపోతుంది. అంటే చీకట్లో జూమ్ లాగినవాడు కెమెరాకు అయిదు వంతుల వెలుగు తానే ఎగ్గొట్టి, బొమ్మ బాగా రాలేదని కెమెరాను తిడుతున్నాడన్నమాట. జూమ్ మానేసి నాలుగు మెట్లు దిగి ముందుకు వెళ్లండి. ఫ్లాష్ ఆపేయండి. ఎక్స్‌పోజర్‌ను ఒక మెట్టు కిందికి దించండి, దీపం దీపంలా కనిపిస్తుంది, తెల్లటి మచ్చలా కాదు. దీనికి పైసా ఖర్చు లేదు. కొత్త కెమెరా కొనాలని తీర్మానించుకునే ముందు మీ పాతదానితో ఈ ప్రయత్నం చేయకపోతే, మిమ్మల్ని ఆపుతున్నది కెమెరానో కాదో మీకు తెలియదు.

ఇంత చేసినా సరిపోలేదనుకోండి. అప్పుడు నిజంగా పై మెట్టు ఎక్కాలి. సోనీ 2012లో ఆర్‌ఎక్స్100 అనే కెమెరా తెచ్చింది. అంగుళం సెన్సర్, 20 మెగాపిక్సెళ్లు, 240 గ్రాములు. అప్పటిదాకా అంత సెన్సర్ చొక్కా జేబులో పట్టలేదు. ఆ వరసలో 2019 దాకా ఏడు మోడళ్లు వచ్చాయి. ఏడోది కొత్తది కాబట్టి ఏడోదే గొప్పది అనుకోవడం సహజం. మన హారతి మాటేమిటో చూద్దాం. మూడో మోడల్ నుంచి అయిదో దాని వరకు లెన్స్ ఎఫ్ 1.8తో మొదలై జూమ్ చివర కూడా ఎఫ్ 2.8 దగ్గరే ఆగుతుంది. ఆరు, ఏడు మోడళ్లలో జూమ్‌ను 200 మిల్లీమీటర్లకు సమానమయ్యే దాకా పొడిగించారు. దానికి మూల్యంగా లెన్స్ ఎఫ్ 2.8 దగ్గరే మొదలవుతుంది. సెన్సర్ వైశాల్యం, లెన్స్ వెలుగు రెండూ కలిపి లెక్కేస్తే, జూమ్ లాగకుండా తీసినప్పుడు అయిదో మోడల్ నా పాత ఎస్95 కంటే మూడు రెట్లకు మించి వెలుగు పడుతుంది. ఏడో మోడల్ పట్టే అదనపు వెలుగు మూడో వంతు మాత్రమే. కొత్త సెన్సర్ల తయారీలో వచ్చిన మెరుగు వేరే ఉంది, అది రెండింటికీ కలుస్తుంది. పక్షులు, ప్రయాణాలు, స్కూల్లో పిల్లల ఆటలపోటీలు కావాలంటే ఏడోది మేలు. దీపాల వెలుగులో మనుషులు కావాలంటే అయిదోది మేలు. మోడల్ నంబరు పెరిగిందని మన పని సులువవుతుందన్న హామీ లేదు.

ఇప్పుడు పోగొట్టుకునేవాటి సంగతికి వద్దాం. మాకు దగ్గర్లోనే కడియం, కడియపులంక నర్సరీలున్నాయి. చామంతి, గులాబీ, బంతి మొక్కలు కనుచూపుమేర. చిన్న సెన్సర్ కెమెరాకు పూలంటే పుట్టిల్లు. నా ఎస్95 పువ్వుకు 5 సెంటీమీటర్ల దగ్గరికి వెళ్లి ఫోకస్ చేస్తుంది. సెన్సర్ చిన్నది కాబట్టి లెన్స్ అసలు ఫోకల్ లెంగ్త్ కూడా చిన్నదే, జూమ్ లాగనప్పుడు 6 మిల్లీమీటర్లు. దాని ఫలితంగా ముందు రేకు నుంచి వెనక ఆకు దాకా చాలా భాగం స్పష్టంగా పడుతుంది. తపాలా బిళ్లంత సెన్సర్ పెట్టి అదే పువ్వును అంతే పెద్దదిగా తీయండి. ఒక రేకు అంచు పదునుగా, మిగతాదంతా మెత్తగా కరిగిపోయి వస్తుంది. చూడ్డానికి అదో అందం, పత్రికల అట్టల మీద బాగుంటుంది. కానీ మొక్క రకం చూపించాలనుకునే నర్సరీ యజమానికి, ఆకు మీద తెగులు చూపించాలనుకునే రైతుకు, నగ మీద పనితనం చూపించాలనుకునే కంసాలికి అది పనికిరాదు. ఎఫ్ 8కో 11కో దించాలి, అప్పుడు వెలుగు చాలదు, స్టాండు కావాలి. ఎస్95 ఎఫ్ 2లో చేతిలో పట్టుకుని తీసే బొమ్మకు ఇంత తతంగం. పెద్ద సెన్సర్ అన్ని పనులకూ మెరుగన్నమాట నిజం కాదు.

తర్వాత, జేబు. నా దృష్టిలో ఈ రకం కెమెరాకు జేబులో పట్టడమే మొదటి గుణం, మిగతావన్నీ దాని తర్వాతే. ఫుజీఫిల్మ్ ఎక్స్100 వరస చూసి మనసు పారేసుకోనివాళ్లు తక్కువ. 2024లో వచ్చిన ఆరోది 40 మెగాపిక్సెళ్లు, అమెరికాలో విడుదల ధర 1,599 డాలర్లు. చూస్తే మా చిన్నప్పటి ఫిల్ము కెమెరాలా ముచ్చటగా ఉంటుంది. బరువు 521 గ్రాములు. రెండు ఎస్95ల కంటే ఎక్కువ. మెడలో వేసుకోవాలి, సంచిలో పెట్టుకోవాలి, పెట్టుకున్నామని గుర్తుంచుకోవాలి. జూమ్ లేదు. అది గొప్ప కెమెరా, సందేహం లేదు. కానీ జేబు కెమెరా స్థానంలో దాన్ని కొన్నవాడు మార్చుకున్నది కెమెరాను కాదు, అలవాటును. దాన్లో ఉన్నట్టు తపాలా బిళ్లంత సెన్సర్ జేబులోనే కావాలంటే రైకో జీఆర్ వరస ఉంది. 2019లో వచ్చిన జీఆర్ 3 బరువు 257 గ్రాములే. దానికీ జూమ్ లేదు, ఫ్లాష్ కూడా లేదు. పెళ్లి భోజనాల బంతిలో బాబాయిల ఫొటో తీయాలంటే ఫ్లాష్ అక్కరకొస్తుంది మరి.

ఇంత సేపూ మీలో కొందరు "ఫోనుండగా ఈ గొడవంతా ఎందుకండీ" అని విసుక్కుంటూనే ఉంటారు. న్యాయమైన ప్రశ్న. రాత్రిపూట కదలని దృశ్యం అయితే, మా గోదావరి వంతెన మీద దీపాలనుకోండి, కరెంటు బల్బులతో అలంకరించిన గోపురమనుకోండి, ఇవాళ్టి మంచి ఫోను నా ఎస్95ను ఓడిస్తుంది. ఫోను ఒక్క బొమ్మ తీయదు; వరసగా చాలా తీసి, ఒకదాని మీద ఒకటి సరిగ్గా కూర్చి, రవ్వలు తుడిచేసి ఇస్తుంది. ఈమధ్య కొన్ని ఖరీదైన ఫోన్లలో ఆ అంగుళం సెన్సర్ కూడా పెడుతున్నారు. వీడియో మాట చెప్పనే అక్కర్లేదు. నా కెమెరా 720 వరసల దగ్గరే ఆగిపోయింది, వీడియో తీస్తుండగా జూమ్ కూడా కదలదు. వీడియో కోసమే కెమెరా మార్చాలనుకుంటున్నవాళ్లు మీ ఫోను వాడుకోండి, డబ్బు మిగుల్చుకోండి.

కానీ కదిలే దీపాలు, పరిగెత్తే పిల్లలు వచ్చేసరికి ఫోను కూర్పు తడబడుతుంది. ఫోనులో ఫ్లాష్ అనేది చిన్న టార్చి లైటు. కెమెరాలో జెనాన్ ఫ్లాష్ సెకనులో వెయ్యో వంతు కంటే తక్కువ సేపు మెరిసి కదలికను కట్టిపడేస్తుంది. ఇంకొకటి, ఇది పెద్దవాళ్ల మాటగా చెబుతున్నాను: వేలికి తగిలే బటన్. సగం నొక్కితే ఫోకస్, పూర్తిగా నొక్కితే ఫొటో. అద్దం మీద వేలు ఎక్కడ తగిలిందో తెలియక అవస్థపడే వయసులో ఆ బటన్ విలువ తెలుస్తుంది. ఫోను మీద నాకు ద్వేషం లేదు. నా కెమెరా ఉండగా ఫోను రెండోది, అంతే.

ఇక పాతది నిజంగా ముసలిదైందా, సేవ చేస్తే కోలుకుంటుందా అన్నది చూసుకోవాలి. "మా కెమెరా పాడైపోయిందండీ" అనేవాళ్లలో చాలామందికి పాడైంది బ్యాటరీ. లిథియం బ్యాటరీ వాడినా వాడకపోయినా ఏళ్లు గడిచేకొద్దీ సత్తువ కోల్పోతుంది, నిండా చార్జి చేసి వేసవి ఎండకు కాగే గదిలో పడేస్తే మరీ తొందరగా. ఉబ్బినట్టు కనిపిస్తే మళ్లీ చార్జి పెట్టకండి. కొత్తది కొనండి, కొన్ని వందల్లో అయిపోతుంది. దాచేటప్పుడు సగం చార్జితో, కెమెరాలోంచి తీసి దాచండి. రెండోది కార్డు. 2006కు ముందు కెమెరాలు 2 జీబీకి మించిన ఎస్‌డీ కార్డును గుర్తుపట్టవు. ఆ తర్వాతి కొన్నేళ్ల కెమెరాల్లో చాలావాటికి 32 జీబీ హద్దు. ఇవాళ బజార్లో దొరికే 64 జీబీ కార్డు పెట్టి, ఎర్రర్ వచ్చిందని కెమెరాను తీసిపారేసినవాళ్లున్నారు. చిన్న కార్డు వెతికి పెట్టండి. ఫోనుకు ఫొటోలు పంపలేకపోతున్నామనేది మీ బాధ అయితే, టైప్-సీ కార్డు రీడరు ఒకటి కొనుక్కోండి. దానికోసం లక్ష రూపాయల కెమెరా అక్కర్లేదు.

మందు లేని జబ్బులూ ఉన్నాయి. జూమ్ లోపలికీ బయటికీ కదిలినప్పుడల్లా గాలితోపాటు దుమ్మును పీల్చుకుంటుంది. అది సెన్సర్ మీద కూర్చుంటే ఆకాశంలో నల్లమచ్చలు పడతాయి. మన కోస్తా ఉక్కకు లెన్స్ లోపల బూజు సాలెగూడులా అల్లుకుంటుంది. ముచ్చటగా కొనిపెట్టిన ఆ తోలు కవరే తేమను పట్టి ఉంచి బూజుకు సాయం చేస్తుంది, అందులోంచి తీసేయండి. మూత బిగుసుకునే డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో పెట్టండి. జూమ్ మధ్యలో ఇరుక్కుపోయి, లెన్స్ ఎర్రర్ అని కెమెరా ఆగిపోతోందా? ఆ వయసు కెమెరాకు విడిభాగాలు దొరకడం కష్టం, బాగుచేయించే ఖర్చుకు అదే రకం సెకండ్‌హ్యాండ్‌లో వస్తుందేమో చూడటం నయం.

సెకండ్‌హ్యాండ్ అన్నాను కదా, అక్కడా పరిస్థితి మారిపోయింది. కొత్తొక వింత, పాతొక రోత అనేవారు. ఇప్పుడు కాలేజీ పిల్లలకు పాతదే వింత. ఫోను బొమ్మలన్నీ ఒకేలా ఉన్నాయని, 2005, 2010 నాటి కెమెరాల రంగులు కావాలని వెతుక్కుంటున్నారు. ఈ మోజు ఎంత దూరం వెళ్లిందంటే, 2016 నాటి ఒక చిన్న ఇక్సస్ మోడల్‌ను కేనన్ 2025లో స్వల్ప మార్పులతో మళ్లీ అమ్మకానికి పెట్టింది. కాబట్టి పాత కెమెరాల ధరలు పెరిగాయి. మీది అమ్మాలనుకుంటే ఎక్స్‌చేంజ్‌లో ఇచ్చేసే ముందు బయట ధర విచారించండి. కొనాలనుకుంటే ఆన్‌లైన్‌లో బొమ్మ చూసి కొనకండి, చేత్తో పట్టుకుని చూడండి. జూమ్ నాలుగైదు సార్లు లాగి కరకరమనే చప్పుడేమైనా వస్తోందేమో వినండి. ఎఫ్ 8లో పెట్టి ఖాళీ ఆకాశాన్ని తీసి, బొమ్మను పెద్దది చేసి మచ్చలున్నాయేమో వెతకండి. లెన్స్‌లోకి టార్చి వేసి బూజు చూడండి. బ్యాటరీ అరలో పచ్చటి చిలుమున్నదేమో చూడండి. ఫ్లాష్ వెలిగించి చూడండి. కొత్తది కొంటుంటే ఇండియా వారంటీ ఉన్నదా, జీఎస్టీ బిల్లు ఇస్తున్నారా అని అడగండి. బిల్లు లేకుండా తగ్గించి ఇచ్చే సరుకు చాలావరకు వేరే దేశం నుంచి దొడ్డిదారిన వచ్చినది; రేపు సర్వీస్ సెంటరుకు తీసుకెళ్తే వారంటీ కింద చూడరు.

ఎలా తేల్చుకోవాలంటే, మీ పాత ఫొటోల్లో చెడిపోయినవి ఏరండి. బాగున్నవి చూస్తే ఏమీ తెలియదు. చీకట్లో చెడినవే ఎక్కువా? అంగుళం సెన్సర్ గురించి ఆలోచించండి. దూరమైపోయి చిన్నగా పడ్డవే ఎక్కువా? పొడుగు జూమ్ చూడండి, సెన్సర్ మాట మరిచిపోండి. బటన్ నొక్కాక ఆలస్యంగా క్లిక్కుమని సందర్భం దాటిపోయినవి ఎక్కువా? ముందే సగం నొక్కి ఉంచడం అలవాటు చేసుకోండి. అప్పటికీ కుదరకపోతే ఆ విషయంలో కొత్త కెమెరాలు చాలావరకు మీ పాతదాని కంటే చురుకైనవే. చెడినవేవీ పెద్దగా లేవా? అయితే మీకు కెమెరా అక్కర్లేదు, ప్రయాణం కావాలి. ఆ డబ్బుతో టికెట్లు కొనండి.

నా తీర్పు అడిగితే, ఎస్95కు కొత్త బ్యాటరీ కొన్నాను. పగటికీ పూలకూ అదే ఉంటుంది. 2027లో గోదావరి పుష్కరాలున్నాయి. ఆలోగా ఆర్‌ఎక్స్100లో మూడు నుంచి అయిదు దాకా ఏదో ఒక మోడల్ శుభ్రమైనది సెకండ్‌హ్యాండ్‌లో దొరికితే హారతుల కోసం కొంటాను. దొరక్కపోతే పాతదే జేబులో వేసుకుని మెట్లు దిగుతాను.

మీరు మార్చినా ఉంచినా, ఒక పని మాత్రం ఈ ఆదివారమే చేయండి. పాత కెమెరాలోంచి కార్డు తీసి, అందులోని ఫొటోలన్నీ రెండు వేరువేరు చోట్లకు కాపీ చేయండి. ఒకటి ఇంట్లో హార్డ్ డిస్క్‌లో, ఒకటి ఇంటి బయట, అన్నయ్య దగ్గరో అమ్మాయి దగ్గరో. అది అయ్యాకే ఏ దుకాణానికైనా వెళ్లండి.